మైక్రోలైట్‌లో టూ-స్ట్రోక్ ఇంజిన్: మన సీమలో ఏడాది పొడవునా ఎలా చూసుకోవాలి

మీరు టూ-స్ట్రోక్ ఇంజిన్ ఉన్న మైక్రోలైట్ (ఒకరిద్దరు ఎక్కే చిన్న తేలికపాటి విమానం) కొన్నారు, లేదా కొనబోతున్నారు, కర్నూలు, అనంతపురం, కడప చుట్టుపక్కల ఎక్కడో ఎగరేస్తారు అనుకుని ఇది రాస్తున్నా. ఎక్కువగా కనిపించేవి రోటాక్స్ 447, 503, 582 కాబట్టి కింద అంకెలన్నీ వాటివే. మీది వేరే కంపెనీది అయితే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీ మాన్యువల్‌లోవి తీసుకోండి. లైసెన్సు, రిజిస్ట్రేషన్, డీజీసీఏ (కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతులు, ఏ పని మీరు స్వయంగా చేయొచ్చు, ఏ పనికి ఎవరి సంతకం కావాలి అన్నవి ముందే తేల్చుకుని ఉండాలి, వాటి జోలికి నేను పోవట్లేదు.

"టూ-స్ట్రోకే కదా, మన ఆర్‌ఎక్స్ హండ్రెడ్ మెకానిక్ చూసుకుంటాడులే" అనే మాట చాలా చోట్ల వింటాం. ఆ మెకానిక్‌ను నేను తక్కువ చేయట్లేదు, కార్బొరేటర్ విప్పడంలో ఆయన చెయ్యి మనకంటే ఎంతో నయం. కానీ బైకుకు ఫుల్ థ్రాటిల్ కొన్ని సెకన్ల ముచ్చట, గతుకు రాగానే తగ్గించేస్తాం. విమానంలో అదే ఇంజిన్ ఎక్కేటప్పుడు నిమిషాల తరబడి పూర్తి బలంతో, ఆ తర్వాత గంటసేపు 5,500 ఆర్‌పీఎం పైన లాగుతూనే ఉండాలి. బైకులో పిస్టన్ పట్టేస్తే క్లచ్ నొక్కి పక్కకు ఆపుతాం. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. రోటాక్స్ వాళ్లే మాన్యువల్‌లో రాశారు: ఈ ఇంజిన్ సర్టిఫై అయినది కాదు, హఠాత్తుగా ఆగిపోవచ్చు, ఆగితే క్షేమంగా దిగలేని చోటు మీదుగా ఎగరొద్దు అని. అది లాయర్లు రాసిన మాటలే అని తీసిపారేయకండి.

ఓవర్‌హాల్ (ఇంజిన్ మొత్తం విప్పి అరిగినవి మార్చడం) గడువు 300 గంటలు లేదా 5 ఏళ్లు, ఏది ముందొస్తే అది. మన దగ్గర దాదాపు ఎప్పుడూ ఏళ్లే ముందొస్తాయి. ఎందుకంటే ఇక్కడ హాయిగా ఎగిరే కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున పూట. మార్చి దాటితే తొమ్మిది పది గంటలకే నేల కాగి గాలి ఎగదన్నడం మొదలవుతుంది, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి ఈడ్చి కొడుతుంది (అనంతపురం కొండల మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు). అంటే ఇంజిన్ ఏడాదిలో సగానికి పైగా షెడ్డులో నిలబడే ఉంటుంది. ఫోర్-స్ట్రోక్‌కు కింద సంపులో ఆయిల్ నిల్వ ఉంటుంది, దీనికి అలాంటిదేమీ లేదు. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగుల మీద చివరిసారి పెట్రోల్‌తో పాటు వచ్చిన పలచటి ఆయిల్ పొరే దిక్కు. అది ఆరిపోతే బేరింగుకు తుప్పు మచ్చలు పడతాయి, క్రాంక్ సీళ్లు గట్టిపడతాయి, సీలు పక్క నుంచి గాలి లాగితే పెట్రోల్-గాలి మిశ్రమం పలచనై (అంటే గాలి పాలు ఎక్కువై) పిస్టన్ పట్టేస్తుంది. గంటలు తక్కువ తిరిగిన ఇంజిన్ అంటే మంచి ఇంజిన్ అనుకోవడం అందుకే ప్రమాదం.

పాతది కొనేటప్పుడు

లాగ్‌బుక్‌లో గంటల కంటే ముందు తారీఖులు చూడండి. పన్నెండేళ్ల ఇంజిన్ అరవై గంటలే తిరిగిందని అమ్మేవాళ్లు గొప్పగా చెప్తే, ఓవర్‌హాల్ ఖర్చు ధరలోంచి తీసేసి బేరమాడండి. ప్లగ్గులు తీసి ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి, బేరింగులో గరగర గానీ, ఒకచోట పట్టి వదిలినట్టు గానీ ఉంటే క్రాంక్ పోయినట్టే లెక్క. సైలెన్సర్ మానిఫోల్డ్ విప్పి పోర్టులోంచి టార్చి వేసి పిస్టన్ పక్కగోడ చూడండి, నిలువు గీతలు ఉంటే అది ఒకసారి పట్టి వదిలిన ఇంజిన్. క్రాంక్‌ను ఎక్కడ రిపేరు చేయించారో కూడా అడగండి. ఈ క్రాంకులు ముక్కలుగా ప్రెస్ చేసి కూర్చినవి, డయల్ గేజ్ పెట్టి సూటిగా కుదిర్చాల్సినవి. ఊళ్లో లేత్ షాపులో బైకు బేరింగు వేసి కొట్టిన క్రాంక్ అని తెలిస్తే ఆ బేరం వదిలేయండి.

పెట్రోల్, ఆయిల్

ఇప్పుడు మన బంకుల్లో దొరికేది ఈ20, అంటే నూటికి 20 వంతులు ఇథనాల్. టూ-స్ట్రోక్ విమానం ఉన్నవాడికి ఇదే ఇప్పుడు పెద్ద టెన్షన్. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రంను మెత్తబరుస్తుంది లేదా పెళుసు చేస్తుంది. దానికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 దగ్గర సరిపోతుంది. మీ కార్బొరేటర్ జెట్ (పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్నటి రంధ్రం) మారలేదు, పెట్రోల్ మారింది. అంటే మీరు ఏమీ ముట్టుకోకుండానే మిశ్రమం పలచనైపోయింది, సైలెన్సర్ వేడి పెరిగింది.

కాబట్టి మీ మాన్యువల్, కంపెనీ సర్వీస్ పత్రాలు ఇథనాల్‌కు ఎంత పరిమితి పెట్టాయో చూసి, దాని లోపలే ఉండే పెట్రోల్ వెతుక్కోండి. పెద్ద ఊళ్లలో దొరికే ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోళ్లను కూడా పేరు చూసి నమ్మకుండా పరీక్ష చేయండి. సన్నటి కొలత గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోల్ పోసి, మూతపెట్టి బాగా కుదిపి, పావుగంట వదిలేయండి. ఇథనాల్ పెట్రోల్‌ను వదిలి నీళ్లలోకి దిగుతుంది. అడుగు పొర పదిదగ్గరే ఉంటే ఇథనాల్ లేదు, ఇరవై ఎనిమిది దాకా పెరిగితే అది ఈ20. ఆ నీళ్లు కలిసిన పెట్రోల్‌ను మళ్లీ క్యానులో పోయకండి. అవ్‌గ్యాస్ (విమానాల పెట్రోల్) దొరికినా ఎగిరిపోయేంత ఆనందం అక్కర్లేదు, అందులో 100ఎల్‌ఎల్ అనే రకంలో సీసం ఉంటుంది, అది ప్లగ్గులకు, పిస్టన్ రింగుల గాడులకు పడుతుంది, కార్బన్ తరచుగా తీయాల్సి వస్తుంది.

ఆయిల్ కలిపేది 50కి 1. అంటే 10 లీటర్లకు 200 మి.లీ., 20 లీటర్లకు 400 మి.లీ. "కొంచెం ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు మంచిదే కదా" అని చెయ్యి జారనివ్వకండి. ఆయిల్ ఎక్కువైతే జెట్‌లోంచి వెళ్లే పెట్రోల్ ఆ మేరకు తగ్గి మిశ్రమం పలచనవుతుంది, పైగా కార్బన్. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ టీసీ అనే నాణ్యత గుర్తు ఉండాలి. పడవ ఇంజిన్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ 447, 503 లాంటి గాలితో చల్లారే ఇంజిన్లకు పనికిరాదు, ఆ వేడికి నిలవదు. ఒక బ్రాండు పట్టుకుంటే దాన్నే వాడండి. ముందు క్యానులో సగం పెట్రోల్, ఆ మీద మొత్తం ఆయిల్, కుదిపి, మిగతా పెట్రోల్. క్యాను మీద కలిపిన తారీఖు రాయండి, మూడు నాలుగు వారాలు దాటింది బైకులో పోసేయండి. పోసేటప్పుడు క్యాను నేల మీద పెట్టి నింపండి, జీపు వెనకాల ప్లాస్టిక్ షీటు మీద పెట్టి నింపకండి, మన ఎండాకాలపు పొడి గాలిలో స్టాటిక్ మెరుపు చాలు అంటుకోవడానికి.

582కు ఆయిల్ ఇంజెక్షన్ ఉంటే కలపాల్సిన పని లేదు, కానీ ఆయిల్ ట్యాంకు చూడాల్సిన పని ఉంది. పైపులో గాలిబుడగ లేకుండా, పంపు లివర్ మీద గుర్తు థ్రాటిల్‌తో కలిసేలా ఉందో లేదో చూడాలి.

నవంబర్‌లో తెరిచేటప్పుడు

పెట్రోల్ పైపులన్నీ వంచి చూడండి. పసుపెక్కి గట్టిపడినవి, వంచితే చీలిక కనిపించేవి మార్చండి, రెండేళ్లు దాటితే బాగున్నట్టు కనిపించినా మార్చేయడం నా అలవాటు. పంపు క్రాంక్‌కేసులో ఒత్తిడి హెచ్చుతగ్గులతో నడిచేది కాబట్టి, ఇంజిన్ నుంచి పంపుకు వచ్చే పల్స్ పైపు పొట్టిగా, గట్టిగా ఉండాలి. అది మెత్తబడితే పంపు దెబ్బ తగ్గుతుంది, ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోల్ అందదు, అది తెలిసేది చెట్ల మీద ఎక్కేటప్పుడే. పంపు డయాఫ్రం కిట్టు ఏటా ఒకసారి వేయండి. ట్యాంకు గాలి రంధ్రంలో పుల్ల పెట్టి చూడండి, మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు ఆ రంధ్రం చాలా ఇష్టం. అది మూసుకుపోతే ఇంజిన్ బాగా నడిచి నడిచి ఆగుతుంది, దిగాక మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది, మీరు వారం రోజులు ఇగ్నిషన్‌ను తిట్టుకుంటారు.

కార్బొరేటర్ గిన్నె విప్పి అడుగున బంక, తెల్లపొడి ఉందేమో చూసి జెట్లు కడిగి ఊదండి. తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదైతే జెట్ నంబర్‌కు అర్థం ఉండదు. ఎయిర్ ఫిల్టర్‌ను ఉతికి ఆయిల్ పట్టించండి. అనంతపురం ఎర్రమట్టి, బేతంచెర్ల వైపు బండల పొడి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, ఏదైనా సరే ఫిల్టర్ దాటితే నేరుగా సిలిండర్ గోడకే రాసుకుంటుంది, మధ్యలో ఇంకేమీ లేదు.

582 అయితే కూలెంట్ చూడండి, గ్లైకాల్‌తో కలిపేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. మన బోరు నీళ్లు పోస్తే గీజర్‌లో పట్టినట్టే లోపల సున్నం పడుతుంది. దానికే రోటరీ వాల్వ్ షాఫ్టుకు విడిగా చిన్న ఆయిల్ సీసా ఉంటుంది, అందులో మట్టం ఊరికే తగ్గుతుంటే లోపలి సీలు పోతోందని అర్థం. ఫ్యాన్ ఉన్న 503కు బెల్టు చూడండి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చి, డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి ఏం అంటిందో వేళ్లతో నలిపి చూడండి. సన్నటి బూడిదలాంటిది మామూలే, పెళ్లలు ఉంటే ఎగరొద్దు.

సైలెన్సర్ స్ప్రింగులు ఒక్కొక్కటీ లాగి చూసి, సేఫ్టీ వైరు ఉందో లేదో చూడండి. ప్రొపెల్లర్ వెనక ఉన్న విమానంలో ముందు ఊడినదేదైనా ప్రొపెల్లర్‌లోకే పోతుంది, ఐదు రూపాయల స్ప్రింగు అయినా సరే. కీళ్లకు రాగి గ్రీజు రాయండి.

జెట్లు, ప్రొపెల్లర్, చలికాలం

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తు. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి, లెక్క వేస్తే, 4,300 అడుగుల ఎత్తులో ఉండాల్సినంత పలచగా ఉంటుంది. సముద్రమట్టం ప్రమాణంతో చూస్తే 12 శాతం తక్కువ. అదే ఊళ్లో డిసెంబర్ పొద్దున 16 డిగ్రీలప్పుడు 1,500 అడుగుల లెక్క. ఈ ఇంజిన్లకు ఉండే బింగ్ కంపెనీ కార్బొరేటర్‌కు ఈ తేడా తెలియదు. ఎండాకాలంలో గాలి పలచన కాబట్టి మిశ్రమం చిక్కనవుతుంది, ఇంజిన్ బరువుగా, పొగగా నడుస్తుంది, మీరు విసిగి చిన్న జెట్ వేస్తారు. డిసెంబర్‌లో గాలి చిక్కబడి అదే జెట్‌తో మిశ్రమం పలచనైపోతుంది. పైన ఈ20 కూడా అటే లాగుతుంది. చలికి ఇంజిన్ చల్లగానే ఉంటుంది కదా అనుకునే రోజుల్లోనే పిస్టన్లు పట్టేది ఇందుకే. ఎండాకాలం వేసిన జెట్ ఏదో లాగ్‌లో రాసుకుని, చలికాలం రాగానే తిరిగి పాతది వేయండి. అనుమానం ఉంటే చిక్కన వైపే ఉండండి, కొంచెం కార్బన్ పడితే గీకుకోవచ్చు.

కానీ జెట్లు ముట్టే ముందు ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు కోణం) చూడండి, ఎందుకంటే టూ-స్ట్రోక్‌లో సైలెన్సర్ వేడి ప్రొపెల్లర్ ఇంజిన్ మీద వేసే భారాన్ని బట్టి కూడా మారుతుంది. పిచ్ తక్కువై ఇంజిన్ తేలిగ్గా తిరిగిపోతుంటే ఈజీటీ (సైలెన్సర్‌లోకి వచ్చే పొగ వేడి) పెరుగుతుంది, పిచ్ ఎక్కువై లాగలేకపోతుంటే ఈజీటీ తగ్గి కార్బన్ పడుతుంది. నేల మీద తాడు కట్టి ఫుల్ థ్రాటిల్‌లో 6,200–6,300, ఎక్కేటప్పుడు 6,500 దగ్గర వచ్చేలా పెట్టుకోవడం చాలామంది పద్ధతి. అది కుదిరాకే జెట్లు. పావు థ్రాటిల్ దాకా ఐడిల్ జెట్, అక్కడి నుంచి ముప్పావు దాకా సూది, ఆ పైన మెయిన్ జెట్ పని చేస్తాయి. క్రూయిజ్‌లో మాత్రమే వేడి ఎక్కువైతే మెయిన్ జెట్ మార్చి లాభం లేదు, సూది క్లిప్పు ఒక గాడి కిందికి దించండి, సూది పైకి లేచి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి.

స్టార్ట్ చేసేటప్పుడు

ఈ ఇంజిన్ల ఇగ్నిషన్ ఆఫ్ అంటే స్విచ్ తీగను ఎర్త్‌కు, అంటే ఇంజిన్ బాడీకి కలపడం. ఆ తీగ తెగితే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇంజిన్ బతికే ఉంటుంది. ప్రొపెల్లర్‌ను ఎప్పుడు ముట్టినా అది తిరగబోతోందనే అనుకోండి, పల్లెలో దిగితే పిల్లలు చుట్టూ మూగుతారు, ముందు వాళ్లను దూరం పంపండి.

2,000 ఆర్‌పీఎం వద్ద రెండు నిమిషాలు, తర్వాత 2,500 దగ్గర వేడెక్కేదాకా. 582లో కూలెంట్ 65 డిగ్రీలు దాటాలి. అల్యూమినియం పిస్టన్ సిలిండర్ కంటే త్వరగా ఉబ్బుతుంది, ఆ ఒక్క కారణంతోనే చల్లని ఇంజిన్‌తో టేకాఫ్ చేసినవాళ్లు రన్‌వే చివరనే దిగుతారు. రెండు ఇగ్నిషన్లు ఉన్న ఇంజిన్ అయితే 3,500 దగ్గర ఒక్కోటి ఆఫ్ చేసి చూడండి, ఆర్‌పీఎం 300 కంటే ఎక్కువ పడకూడదు. ఏమాత్రం పడకపోతే సంతోషించకండి, ఆ స్విచ్ తీగే తెగి ఉండొచ్చు.

గాల్లో

ఈజీటీ 650 డిగ్రీలు దాటకూడదు, 503 సిలిండర్ హెడ్ 250, 582 కూలెంట్ 80. అంకె కంటే మార్పు ముఖ్యం: నిన్నటి దాకా రెండు సిలిండర్లూ ఇంచుమించు ఒకేలా ఉండి ఇవాళ ఒకటి పైకి పోతుంటే, పరిమితి లోపల ఉన్నా సరే దిగి కారణం వెతకండి. వేడి పెరుగుతుంటే థ్రాటిల్ ఒక్కసారిగా మూసేయకండి, ఎందుకంటే ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే, ప్రొపెల్లర్ ఇంకా ఇంజిన్‌ను తిప్పుతుండగా పెట్రోల్ ఆపితే ఆయిలూ ఆగినట్టే. దిగేటప్పుడు కూడా కొంచెం పవర్ ఉంచి, మధ్యమధ్యలో కాస్త పెంచుతూ దిగండి.

ఎప్పుడూ దిగే చేను ఒకటి కళ్లలో ఉండాలి. శనక్కాయ పీకేసిన ఎర్రచేను మంచిది. నల్లరేగడి ఎండినప్పుడు పరవాలేదు, వాన పడితే చక్రం దిగబడి ముక్కు మీద పడతారు. చీనీ తోటలు పైనుంచి చదునుగా కనిపిస్తాయి, మోసపోకండి. పచ్చటి చేను కనిపిస్తే అక్కడ బోరు ఉంటుంది, బోరుంటే కరెంటు తీగ ఉంటుంది, తీగ కనిపించదు కాబట్టి స్తంభాల వరుస వెతకండి. గండికోట లోయ మీద, నల్లమల మీద ఫోటోల కోసం ఈ ఇంజిన్‌తో పోకండి.

25 గంటలు, 50 గంటలు

ఇరవై ఐదు గంటలకు ప్లగ్గులు మార్చేయండి. 503కు ఎన్‌జీకే బీ8ఈఎస్, 582కు బీఆర్8ఈఎస్, గ్యాప్ 0.4–0.5 మి.మీ. తీసినవాటిని పారేయకుండా వరసగా పెట్టి చూడండి: లేత గోధుమరంగు బాగున్నట్టు, తెల్లగా కాలి చిన్న పొక్కులు ఉంటే పలచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన లేదా బలహీనమైన స్పార్క్.

యాభై గంటలకు సైలెన్సర్ విప్పి పోర్టులోంచి రింగును చెక్క పుల్లతో నొక్కండి. నొక్కితే లోపలికి పోయి వదిలితే తిరిగి రావాలి. కదలకపోతే కార్బన్‌తో అంటుకుపోయింది, హెడ్, సిలిండర్ తీసి శుభ్రం చేసే వేళైంది. పిస్టన్ తల మీది కార్బన్‌ను గట్టి ఇనుముతో గీకకండి, చెక్క గానీ ప్లాస్టిక్ గానీ వాడండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త ప్యాకింగులు, టార్క్ రెంచి, చల్లని ఇంజిన్.

మార్చిలో మూసేటప్పుడు

తాజా మిశ్రమంతో, వీలైతే ఇథనాల్ లేనిదానితో, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి. ఫిల్టర్లు తీసి, ఇంజిన్ నడుస్తుండగా కార్బొరేటర్ల నోట్లో ఫాగింగ్ ఆయిల్ (తుప్పు పట్టకుండా లోపల పొర కట్టే స్ప్రే) కొట్టండి, తెల్లటి పొగ దట్టంగా వచ్చాక ఆపేయండి. ఈ పని ప్రొపెల్లర్‌కు దూరంగా నిలబడి, ఒకరు లోపల స్విచ్ దగ్గర కూర్చుని ఉండగానే చేయాలి. తర్వాత ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు టూ-టీ ఆయిల్ పోసి, చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి, ప్లగ్గులు వేళ్లతో వదులుగా బిగించండి. ట్యాంకు, గిన్నెలు, పైపులు ఖాళీ చేయండి. కార్బొరేటర్ నోళ్లకు, సైలెన్సర్ చివరకు ఆయిల్ తడిపిన గుడ్డ కుక్కండి, ఎలుకలకు పైపులు కొరకడం ఎంత ఇష్టమో సైలెన్సర్‌లో కాపురం పెట్టడమూ అంతే ఇష్టం.

ఆఖరికి ఇగ్నిషన్ స్విచ్ మీద ఒక కాగితం అంటించండి: ట్యాంకు ఖాళీ, ప్లగ్గులు వదులు, సైలెన్సర్‌లో గుడ్డ ఉంది, జెట్ నంబర్ ఇది, తారీఖు ఇది. గుడ్డలకు ఎర్ర రిబ్బన్ కట్టి బయటికి వేలాడేలా వదలండి, ఎందుకంటే నవంబర్‌లో ఆ స్విచ్ మొదట వేసేది మీరే కాకపోవచ్చు.